పెద్దొర్రెలో పదకొండు అడుగులు

పెద్దొర్రె ప్రాజెక్టులో నీళ్లెన్ని ఉన్నాయో చెప్పే మనిషి రాజలింగు. కొలువు పేరు లష్కరు. కట్ట మీది నుంచి నీళ్లలోకి నలభై ఒక్క మెట్లుంటాయి. వాటి పక్కన నిలువుగా పాతిన రాయి మీద తెల్లరంగుతో అడుగుల గీతలుంటాయి. దాన్ని గేజీ అంటారు. పొద్దున ఆరింటికోసారి, సాయంత్రం ఆరింటికోసారి రాజలింగు మెట్లు దిగి, నీళ్ల అంచు ఏ గీతను తాకిందో చూసి, పైకొచ్చి ఆఫీసుకు ఫోన్ చేసి చెబుతాడు. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. ఆయన తాత ఊరి చెరువు నీళ్లు చూసే నీరటి. తూము దగ్గర కట్టె ముంచి, తడిసినంత మేర జానలతో కొలిచేవాడట. మనవడి కాలానికి కట్టె పోయి రాయి వచ్చింది, జానలు పోయి అడుగులు వచ్చాయి. నీళ్లు మాత్రం ఎప్పట్లాగే వానొస్తే పెరుగుతూ, ఎండకు తగ్గుతూ ఉన్నాయి.

కట్ట ఎత్తు ఇరవై నాలుగు అడుగులు. నీళ్లు ఇరవై రెండు దాటితే గేట్లెత్తాలి. కట్ట కింద ఒర్రెగడ్డ అని నలభై గడపల వాడ ఉంది. అందులో ఒక గడప రాజలింగుది. అంచేత ఇరవై రెండు అనే అంకె మీద ఆయనకు సర్కారు జీతగాడికి ఉండాల్సినదానికన్నా కొంచెం ఎక్కువే శ్రద్ధ.

అంతా సవ్యంగా సాగుతుండగా రాజధానిలో 'జల సమాచార త్వరితగతి విభాగం' పుట్టింది. దానికి సంచాలకులు ప్రభంజన్ గారు. ఆయన 'జలదర్శిని' అనే యాప్ తయారు చేయించారు. అందులో ఒక పెట్టె ఉంటుంది. ఎవరైనా సరే, ఎక్కడినుంచైనా సరే, పెద్దొర్రెలో ఎన్ని అడుగులున్నాయని ఆ పెట్టెలో అడగొచ్చు. అడిగిన వెంటనే రాజలింగు ఫోన్‌లో గంట మోగుతుంది. ఆయన మెట్లు దిగి, గేజీ చూసి, పైకొచ్చి అంకె నొక్కాలి.

అది ఎండాకాలం. నీళ్లు అడుగంటి ఉన్నాయి కనుక మెట్లు నలభై ఒక్కటీ దిగాల్సిందే. మొదటిరోజు నూటముప్పైసార్లు గంట మోగింది. రాజధానిలో ఎర్రదీపం దగ్గర ఆగినవాళ్లు, పెళ్లిపందిట్లో భోజనాల వరస కోసం చూస్తున్నవాళ్లు, ఊరికే తోచక పెద్దొర్రెలో ఎన్ని నీళ్లున్నాయని అడిగారు. పొద్దున ఏడింటికి ఉన్న నీళ్లు ఏడూపదికి ఎన్ని ఉంటాయి? అంతే ఉంటాయి. అయినా రాజలింగు దిగాడు, చూశాడు, ఎక్కాడు. నాలుగోరోజుకు మోకాళ్లు గుమ్మడికాయలయ్యాయి.

ఆ సెక్షనుకు ఏఈ, అంటే అసిస్టెంటు ఇంజనీరు, సంయుక్త అనే అమ్మాయి. కట్ట మీద కుంటుతున్న రాజలింగును చూసి జాలిపడి, రాజధానిలో యాప్ రాసినవాళ్లతో మాట్లాడింది. ఒకసారి చెప్పిన అంకెను గంటసేపు యాప్‌లోనే దాచిపెట్టి, ఆలోపల ఎందరడిగినా దాన్నే చూపిస్తే సరిపోతుంది కదా అంది. దాన్ని కంప్యూటరువాళ్లు క్యాషే అంటారని చెప్పి, రాజలింగు భార్య కనకవ్వకు అర్థమయ్యేలా ఇంకో మాట కూడా చెప్పింది. ఇంట్లో ఎవరికి దాహమైనా ప్రతిసారీ బావికి పోతామా, బిందె నింపి పెట్టుకుంటాం గదా, అట్లాంటిదే ఇది. కనకవ్వకు ఆ మాట ఎంత నచ్చిందంటే, ఆ ఆదివారం ఏఈ కోసం కోడిని కోసింది.

కథ ఇక్కడే ఆగి ఉంటే అందరూ సుఖంగా ఉండేవాళ్లు. కానీ మంచి ఆలోచన మంచి ఆలోచనగానే మిగలడానికి మనది అంత చిన్న ప్రభుత్వం కాదు.

ఇదివరకు సమాధానం రావడానికి పదిహేను నిమిషాలు పట్టేది. ఇప్పుడు అరసెకను పట్టింది. ప్రభంజన్ గారికి దేశస్థాయిలో ఏదో బహుమతి వచ్చింది. శాలువా కప్పుకున్నప్పటినుంచీ ఆయనకు క్యాషే మీద భక్తి కుదిరింది. ముందు దాని పేరు మార్చారు. అది 'సిద్ధ సమాధాన నిధి' అయింది. నిధిలోంచి జవాబిస్తే 'తక్షణ లభ్యత', లష్కరు పోయి గేజీ చూసి జవాబిస్తే 'మూలప్రయాణం', నిధిలో అంకెను తీసేయడం 'విస్మృతి'. ఈ మాటలు నేర్పడానికి ఆయనే స్వయంగా పెద్దొర్రె కట్ట మీదికి వచ్చి, నీళ్ల వైపు వీపు పెట్టి గంటంపావు ప్రసంగించారు.

అంకెకు గంట ఆయువు తక్కువని, ఒక రోజు చేశారు. రోజు కూడా తక్కువని తేలింది. జూన్ ఆఖరున పదకొండు అడుగులున్న రోజు చూసి, 'తదుపరి ఉత్తర్వుల వరకు' అని ఆయువు పోశారు. రాజలింగు చేతులు కట్టుకుని ఒక్క సందేహం అడిగాడు.

"బిందెల నీళ్లు ఒడిసినంక మళ్ల బావికి పోవాలె గద సార్?"

"బిందె ఖాళీ కావడమనేది మా విభాగం పరిధిలోని అంశం కాదు," అన్నారు ప్రభంజన్ గారు. "బిందె ఎంత త్వరగా అందుబాటులో ఉందన్నదే మా కొలమానం."

ఆ కొలమానం ప్రకారం పెద్దొర్రెలో తక్షణ లభ్యత తొంభై తొమ్మిది పాయింట్ రెండు శాతం. పక్కజిల్లా ప్రాజెక్టులో తొంభై తొమ్మిది పాయింట్ ఆరు. ఆరా తీస్తే మనకు నూటికి లోటు పడిన ఆ పాయింట్ ఎనిమిదీ రాజలింగుదేనని తేలింది. పాత అలవాటుకొద్దీ ఆయన పొద్దున, సాయంత్రం గేజీ చూసి అంకె నొక్కుతున్నాడు. చూసినప్పుడల్లా ఒక మూలప్రయాణం నమోదై, శాతం పడిపోతోంది. వెంటనే మెమో వచ్చింది. 'తమరు గత మాసంలో అరవై పర్యాయములు జలాశయమును వీక్షించినట్లు విభాగము దృష్టికి వచ్చినది. ఇట్టి వీక్షణమునకు కారణములను మూడు దినములలోగా తెలియపరచవలెను.' కట్ట మీద నడుస్తుంటే కన్ను అటు పడిందని రాజలింగు రాసిచ్చాడు. ఆ సంజాయిషీ సంతృప్తికరంగా లేదన్నారు. గేజీ మెట్లకు ఇనుపగేటు పెట్టి, తాళం వేసి, తాళంచెవి జిల్లా ఆఫీసు బీరువాలో భద్రపరిచారు. గంట మోగితే తప్ప రాజలింగు ఫోన్‌లో అంకె నొక్కే వీలు కూడా తీసేశారు. ఆ నెల శాతం నూటికి నూరైంది. ఆఫీసులో లడ్డూలు పంచారు, రాజలింగుకు కూడా ఒకటిచ్చారు.

తర్వాత 'ఒక జలాశయం, ఒకే అంకె' అనే పథకం వచ్చింది. ఒక ప్రశ్నకు ఒక జవాబు, ఇంకో ప్రశ్నకు ఇంకో జవాబు ఉంటే ప్రజల్లో గందరగోళం పుడుతుందట. అందువల్ల ఏ ప్రశ్నకు జవాబుగా వచ్చినదైనా సరే, చివరగా నిధిలో చేరిన అంకే ఆ జలాశయం మట్టం. గేట్ల మోటార్లను కూడా ఆ అంకెకే కట్టేశారు. అంకె ఇరవై రెండు దాటితే గేట్లు వాటంతటవే లేస్తాయి, దాటకపోతే బ్రహ్మదేవుడొచ్చినా లేవవు. ఇక అక్కరలేదని చేతితో తిప్పే చక్రాలను ఊడదీసి, రంగులేసి, జిల్లా ఆఫీసు ముందు పూలకుండీల మధ్య అలంకారంగా పెట్టారు. చూడముచ్చటగానే ఉన్నాయి.

శ్రావణంలో వాన పట్టుకుంది. మూడు రోజులు తెరిపి ఇవ్వలేదు. మీది అడవుల్లోంచి ఎర్రనీళ్లు దుంకి వచ్చాయి. రాజలింగు చూడకూడదు కనుక చూడలేదు. కానీ మూడోరోజు మధ్యాహ్నం కట్ట మీద నడుస్తుంటే చెప్పుల దగ్గర అల తగిలింది. అప్పుడిక చూడక తప్పలేదు. ఇనుపగేటు ఎక్కి దూకి నాలుగు మెట్లు దిగేసరికి నీళ్లు మోకాళ్లకొచ్చాయి, గేజీ మీద ఇరవై మూడో గీత మునిగి ఉంది. యాప్ తెరిచి చూశాడు. పెద్దొర్రె, పదకొండు అడుగులు.

కట్ట దిగి ఒర్రెగడ్డకు పరుగెత్తాడు. లేవండి, సామాన్లు తీయండి, గుట్ట మీది బడికి నడవండి అని ఇంటింటికీ చెప్పాడు. ఎవరూ కదల్లేదు. వార్డు మెంబరు ఓదెలు అరుగు మీద కూచుని, జేబులోంచి ఫోన్ తీసి చూపించాడు.

"ఇగో, పదకొండే ఉన్నది. ఇంక పదకొండు అడుగుల జాగ ఉన్నదే గేట్ల దాక. నువ్వు ఉత్తగ ఆగం జేయకు రాజన్నా."

"నేను జూసి అస్తున్న ఓదెలూ."

"నువ్వొక్కనివి జూసినవ్. ఇది సర్కారు జూసింది."

ఇరవై రెండేళ్లు రాజలింగు నోటి మాట మీద ఈ వాడ నిద్రపోయింది. ఇప్పుడు తన మాటనే ఒకప్పుడు దాచిన డబ్బాను నమ్మి, ఎదురుగా నిలబడ్డ తనను నమ్మడం లేదు. కనకవ్వ దగ్గర మాత్రం అలాంటి ఫోన్ లేదు. వంటింట్లో పొయ్యి పక్కన నేల చెమ్మగిల్లడం చూసి ఆమె అప్పటికే బర్రె పలుపు విప్పి నిలబడింది. ముందు గేట్ల సంగతి చూడమని ఆయన్ను కట్ట మీదికి తరిమింది.

సంయుక్త అప్పటికే జీపులో కట్ట మీదికి చేరింది. గొడుగు ఎగిరిపోయింది, తడిసి ముద్దయింది. ప్రభంజన్ గారికి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, ఉన్న సంగతి చెప్పింది. ఆయన తొణకలేదు.

"పదకొండు అనే అంకెను ఈ ఉదయం నుంచి లక్షా ఎనభైవేల మంది వీక్షించారు. ఒక్కరూ అభ్యంతరం దాఖలు చేయలేదు. ఇరవై మూడు అంటున్నది మీ లష్కరు ఒక్కడే. ప్రజాస్వామ్యంలో దీన్ని ఏ విధంగా అర్థం చేసుకోవాలి?"

"నీళ్లకు ఓటు లేదు సార్," అన్నాడు రాజలింగు.

పోనీ విస్మృతికి అనుమతివ్వండని సంయుక్త బతిమాలింది. దానికొక పద్ధతి ఉందన్నారు ఆయన. ప్రతిపాదన మూడు ప్రతుల్లో పంపాలి. పదకొండు తప్పు అనడానికి రుజువు జతపరచాలి. ఆ రుజువు నిధిలోంచి తీసినదై ఉండాలి. నిధిలో పదకొండే ఉంది కదా అని ఆమె అంటే, అందువల్లే రుజువు దొరకడం కష్టమని ఆయన ఒప్పుకున్నారు. పైగా విచారణ లేకుండా ఒక అంకెను తొలగించడం సహజన్యాయానికి విరుద్ధం. పదకొండుకు పదిహేను రోజుల గడువిచ్చి సంజాయిషీ అడగాలి. అంకె తరఫున సమాధానం లష్కరే రాసివ్వాలి.

"చివరి మాట," అన్నారు ప్రభంజన్ గారు. "ఇదివరలో ఎన్నడూ అడగని ప్రశ్న ఉత్పన్నమైతే తప్ప, మూలప్రయాణానికి వ్యవస్థలో తావే లేదు. నాకు శతశాతం సాధనపై సమీక్షా సమావేశం ఉంది." ఫోన్ పెట్టేశారు.

సంయుక్త నీళ్ల వైపు చూసింది. రాజలింగు మాత్రం ఫోన్ వైపే చూస్తున్నాడు.

"మేడం, ఎన్ని అడుగులని అడిగితేనే గద పదకొండు అంటది? జానలెన్నని ఎవ్వలన్న అడిగిండ్రా?"

ఆమెకు ఒక్క క్షణం పట్టింది. తడిచేతులు చున్నీకి తుడుచుకుని, పెట్టెలో 'పెద్దొర్రెలో నీళ్లు ఎన్ని జానలు?' అని రాసి నొక్కింది. యాప్ తిరిగింది, తిరిగింది, మళ్లీ తిరిగింది. అలాంటి ప్రశ్న నిధిలో లేదు. రాజలింగు జేబులో గంట మోగింది.

ఆయన మళ్లీ మెట్ల ఇనుపగేటు దూకి, రాయిని కౌగిలించుకున్నట్టు పట్టుకుని చూశాడు. ఇరవై మూడు అడుగుల మూడు అంగుళాలు. జానకు తొమ్మిది అంగుళాలు. తాత నేర్పిన లెక్క వేలి కణుపుల మీద వేసుకున్నాడు. ముప్పై ఒకటి. నొక్కాడు.

అడుగులో జానలో మోటార్లకేం తెలుసు? వాటికి తెలిసింది ముప్పై ఒకటి ఇరవై రెండు కన్నా పెద్దదని. పైగా అది కట్ట ఎత్తుకన్నా పెద్దది. సైరన్ కూసింది. ఐదుకు ఐదు గేట్లూ కీచుమంటూ ఆఖరి పన్ను దాకా లేచాయి. నీళ్లు ఒర్రెగడ్డను ఒక పక్కకు వదిలేసి పాత ఒర్రె వాగులో పడి పోయాయి. పొద్దుగూకేలోగా మట్టం మూడు అడుగులు తగ్గింది. ఓదెలు అరుగు మీది నుంచి లేచి యాప్ చూశాడు. ముప్పై ఒకటి. అప్పుడు వాడకట్టంతా సామాన్లు నెత్తిన పెట్టుకుని గుట్ట మీదికి పరుగెత్తింది.

మర్నాడు గేట్లు దించాలి. సంయుక్త ఈసారి 'ఎన్ని బారలు?' అని అడగబోయింది. బార అంటే ఆరడుగులు కనుక అంకె చిన్నదవుతుంది, గేట్లు దిగుతాయి. కానీ ప్రభుత్వం ఆమెకన్నా ముందు నిద్రలేచింది. పెట్టె పక్కన సర్క్యులర్ కనిపించింది. 'ఇదివరలో అడగని ప్రశ్నలను ఇకమీదట అడగరాదు. అత్యవసరమైనచో, సంచాలకుల స్థాయికి తగ్గని అధికారి మాత్రమే అడగవచ్చును.' ఇదివరలో అడగని ప్రశ్న అడిగినందుకు సంయుక్తను మూడు వారాల శిక్షణకు పిలిచారు. ప్రశ్నలు అడగకుండా ఉండటంలో శిక్షణ.

గేట్లు తెరిచే ఉన్నాయి. నీళ్లు పోతూనే ఉన్నాయి. దించమని రాజలింగు జిల్లా ఆఫీసుకు పోయి మొత్తుకున్నాడు. మట్టం ముప్పై ఒకటి ఉండగా గేట్లు దించితే కట్ట తెగుతుందని, నువ్వు ఒర్రెగడ్డ వాడివై ఉండి కూడా ఇంత నిర్లక్ష్యమేమిటని వాళ్లు ఆయన్నే కోప్పడ్డారు. కుండీల మధ్య చక్రాల వైపు చూస్తూ బయటికొచ్చాడు. నెల తిరిగేసరికి పెద్దొర్రెలో బురద మిగిలింది. చలికాలపు యాసంగి పంటకు నీళ్లుండవు, రాబోయే వేసవిలో వాడకు తాగడానికీ ఉండవు. ఇక మిగిలింది పదిరోజుల్లో రాబోయే హస్త కార్తె వానలు. ఆలోపు గేట్లు పడకపోతే అవి కూడా వచ్చిన దారినే పోతాయి. ఆ పదిరోజులూ రాజలింగుకు అన్నం సహించలేదు. తను నొక్కిన అంకే కదా అని లోపల పీకేది.

రాజధానిలో మాత్రం పండగ వాతావరణం. ఇరవై నాలుగు అడుగుల జలాశయంలో ముప్పై ఒక్క అడుగుల నీటిని నిలిపిన ఘనత దేశంలో ఇంకెవరికీ లేదు. అభినందన సభ పెద్దొర్రెలోనే పెట్టారు. సభలో జలవిహారం కూడా ఉంది. ప్రభంజన్ గారు, జిల్లా ఇంజనీరు, ఇంకో ఆరుగురు అతిథులు లైఫ్ జాకెట్లు బిగించుకుని, బురదలో పెట్టిన పడవ ఎక్కారు. ముప్పై ఒక్క అడుగుల లోతులో జాకెట్లు లేకుండా కూర్చోవడం నిబంధనలకు విరుద్ధం. తెడ్డు రాజలింగు చేతికిచ్చారు.

రాజలింగు తెడ్డు వేశాడు. బురద చిందింది, పడవ కదల్లేదు. మళ్లీ వేశాడు. ఒక అతిథి జాకెట్ మీద మచ్చ పడింది. తూర్పున మబ్బు కమ్ముతోంది. రాజలింగు మబ్బునూ, తెరిచి ఉన్న గేట్లనూ చూస్తూ తెడ్డు వేస్తున్నాడు.

"పడవ ఎందుకు కదలడం లేదు?" అని అడిగారు ప్రభంజన్ గారు.

"యాప్‌ల అడుగుండ్రి సార్," అన్నాడు రాజలింగు. "నేను జెప్తే మూలప్రయాణమైతది."

ఆ వినయం ఆయనకు నచ్చింది. ఫోన్ తీసి, పెట్టెలో అదే ప్రశ్న రాసి నొక్కారు. ఆయన సంచాలకుల స్థాయికి తగ్గని అధికారి. ఆ ప్రశ్న భూమి పుట్టాక ఎవరూ అడిగినది కాదు. రాజలింగు జేబులో గంట మోగింది.

ఆయన తెడ్డు కింద పెట్టి, చెప్పులు చేతపట్టుకుని, పడవలోంచి దిగి బురదలో నడుచుకుంటూ గేజీ దగ్గరికి పోయాడు. అతిథులు అది చూసి కాస్త కంగారుపడ్డారు కానీ, ముప్పై ఒక్క అడుగుల నీళ్ల మీద లష్కర్లు నడుస్తారేమోనని ఊరుకున్నారు. రాయి మొదలు దాకా ఎండి ఉంది. మొదటి గీత మీద తొండ ఒకటి తల ఊపుతోంది. రాజలింగు సున్నా నొక్కాడు.

గేట్లు ఒక్కొక్కటే కీచుమంటూ దిగాయి. కార్యక్రమంలో భాగమనుకుని అతిథులు చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగకముందే వాన మొదలైంది.

అడగని ప్రశ్న అడిగినందుకు ప్రభంజన్ గారు తనకు తానే మెమో ఇచ్చుకుని, తానే సంజాయిషీ రాసుకుని, అది సంతృప్తికరంగా ఉందని నమోదు చేశారు. హస్త వానలకు పెద్దొర్రెలో తొమ్మిది అడుగుల నీళ్లు చేరాయి. యాప్‌లో సున్నా, తదుపరి ఉత్తర్వుల వరకు. సున్నా కనుక ఒర్రెగడ్డను కరువు వాడగా ప్రకటించి, రోజుకు రెండు ట్యాంకర్ల నీళ్లు పంపిస్తున్నారు. ట్యాంకర్లవాళ్లు ఆ నీళ్లను పెద్దొర్రెలోనే నింపుకుంటారు. రాజలింగు వాళ్లకు పైపు పట్టి సాయం చేస్తాడు, ఎవరికీ ఏమీ చెప్పడు.

ఓ సాయంత్రం కనకవ్వ కట్ట మీదికి సద్ది తెచ్చింది. నీళ్ల అంచు మీద తెల్లకొంగలు వాలి ఉన్నాయి. ఇద్దరూ కూచుని అటే చూశారు. ఇప్పుడు చూడొద్దని మెమో ఇచ్చేవాడు కూడా లేడు, లేని నీళ్లను చూస్తే తప్పేముంది?

"మల్ల వానకాలం అస్తే ఎట్లనే?" అంది ఆమె. "డబ్బల సున్న ఉన్నదాయె. గేట్లెట్ల లేస్తయ్?"

రాజలింగు ముద్ద మింగి, చెయ్యి కడుక్కున్నాడు.

"ఎవ్వలు అడగని ప్రశ్న ఇంకొకటన్న మిగిలుంటదిలేవే. సార్ తోని అడిగిపిద్దాం."